పదిహేను సెంటీమీటర్ల బాల్యం

…అయినా నెత్తలి చేపకి తన వయసు తనకు తెలుస్తుందా అన్నది వేరే ప్రశ్న. తెలిసినా ఎవరితో చెప్పుకుంటుంది, చెప్పుకున్నా నమ్మేదెవరు అనుకుంటూ పరాంకుశం మైక్రోస్కోపు కింది చెవిరాయిని వెంట్రుకవాసి పక్కకు జరిపాడు.

ప్రతి చేప తలలోనూ చెవి దగ్గర ఒక రాయి ఉంటుంది. నెత్తలిదైతే ఆవగింజలో సగం. చెట్టు మానులో ఏడాదికో వలయం పడ్డట్టు, ఈ రాయి మీద రోజుకో గీత పడుతుంది. లెక్కపెడితే రెండు వందల నలభై తేలాయి. అంటే ఈ నెత్తలి ఎనిమిది నెలలు బతికింది. నెత్తళ్ళ లోకంలో ఎనిమిది నెలలంటే కళ్ళజోడు పెట్టుకునే వయసు. నాలుగైదు నెలలకే అది గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది. ఏడాది దాటితే ముసలితనం. ఆ తరవాత పైలోకమో, సూరచేప కడుపో.

గీతలు లెక్కపెట్టినప్పుడల్లా పరాంకుశానికి వాళ్ళ వంటింటి గుమ్మం గుర్తొస్తుంది. నాన్న ప్రతి ఉగాదికీ అతన్ని ఆ గుమ్మానికి ఆనించి, నెత్తిమీద స్కేలు పెట్టి, పెన్సిలుతో గీత గీసేవాడు. పదమూడో ఏటి గీత మీదే పద్నాలుగో ఏటి గీత పడింది. పదిహేనో ఏటిదీ అక్కడే పడింది. నాన్న పెన్సిలు చెవిలో దోపుకుని, "సరే, వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు. ఇప్పుడు పరాంకుశానికి నలభై మూడేళ్ళు. నాన్న లేడు. ఆ వచ్చే ఏడు మాత్రం ఇంకా రాలేదు.

ఉద్యోగంలోనూ అదే తంతు. ఎర్రగెడ్డపాలెం మత్స్య కార్యాలయంలో జీవశాస్త్రజ్ఞుడిగా చేరి పదిహేడేళ్ళయింది. ప్రొబేషన్ పూర్తయినట్టు కాగితం ఇంకా రాలేదు. ఏటా అతని ఫైలు మీద పై అధికారి ఒకే వాక్యం రాస్తాడు: "మరికొంత ఎదుగుదల అవసరము." అధికారులు మారారు. వాక్యం మారలేదు. అది చదివిన ప్రతిసారీ పరాంకుశం గోళ్ళు కొరుక్కుంటాడు. పది వేళ్ళకూ గోళ్ళనేవి ఎలా ఉంటాయో అతనికి పుస్తకంలో బొమ్మ చూసి తెలుసుకోవాల్సిన సంగతి.

ఇలాంటి మనిషి చేతికి, దసరా వెళ్ళిన మూడో రోజున, ఆ ఉత్తర్వు వచ్చింది.

"ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, పదిహేను సెంటీమీటర్ల పొడవు నిండని యావత్తు మత్స్యములు బాల్యదశయందున్నట్లు భావింపవలెను. అట్టి బాలమత్స్యములను పట్టుట, ఎండబెట్టుట, విక్రయించుట, ఎరగా వినియోగించుట నిషేధించడమైనది."

ఉత్తర్వు పుట్టడానికి కారణం మంచిదే. ఎక్కడో పెద్ద బోట్లవాళ్ళు వంజరం పిల్లల్ని వలలకొద్దీ ఊడ్చేస్తున్నారు. వంజరం మీటరు దాకా పెరిగే చేప. దాని పిల్లకు పదిహేను సెంటీమీటర్ల హద్దు పెట్టడంలో తప్పులేదు. అయితే రాసినవాడు "వంజరం" అని రాయకుండా "యావత్తు" అని రాశాడు. బహుశా ఆ మాట నిండుగా వినిపించి ఉంటుంది.

పరాంకుశం ధైర్యం చిక్కబట్టుకుని, సంయుక్త సంచాలకులు త్రివిక్రమరావు గారి గదిలోకి వెళ్ళాడు.

"సార్, నెత్తలి తొమ్మిది సెంటీమీటర్లకు మించి పెరగదు."

"ఎవరన్నారు?"

"పుస్తకాలన్నీ సార్. సముద్రం కూడా."

త్రివిక్రమరావు గారు కుర్చీలో వెనక్కి వాలారు. ఆరడుగుల మనిషి. కూర్చున్నా, నిలబడిన పరాంకుశంతో సమానంగా చూడగలరు. "మీరు ఇంతవరకు కొలిచిన నెత్తళ్ళు ఎలాంటివి, పరాంకుశం గారూ?"

"వలలో పడినవి సార్."

"అదీ సంగతి! పట్టేశారు. పట్టకముందు దాన్ని ఎవరైనా పెరగనిచ్చారా? తరతరాలుగా పసిప్రాయంలోనే పట్టి, పులుసు పెట్టుకుని, పైగా ఇది పెరగదని దానిమీదే నింద వేస్తున్నాం. శాఖ తరఫున సిగ్గుపడుతున్నాను."

ఆ వాదనలో చిల్లు ఎక్కడుందో పరాంకుశానికి తెలుసు. ఎదుటివాడి గొంతు స్థిరంగా ఉంటే, తనలోని నిజం కాళ్ళు ముడుచుకుని మూలన కూర్చుంటుందనీ తెలుసు. అయినా ఆఖరి ప్రయత్నంగా చెవిరాయి సంగతి చెప్పాడు.

"ఎన్ని నెలలది అన్నారు?"

"ఎనిమిది సార్."

"ఎనిమిది నెలలు! అన్నప్రాశన చేసి రెణ్ణెల్లు. దాన్ని పెద్దదంటారా?" త్రివిక్రమరావు గారి కళ్ళు చెమ్మగిల్లాయి. "మీకు పిల్లలు లేరు కాబట్టి తెలియదు."

వారం తిరక్కుండా కార్యాలయం వరండాలో అద్దాల తొట్టి వెలిసింది. దాని నెత్తిన బోర్డు: బాలమత్స్య వికాస కేంద్రం. అందులో అరవై నెత్తళ్ళు. ఒక్కోదానికి ఒక్కో ఎదుగుదల కార్డు. అటెండరు గున్నయ్య రోజూ పొద్దున్నే వాటిని వలగరిటెతో పట్టి స్కేలు మీద పడుకోబెట్టాలి. నెత్తలి ఒంటిమీది పొలుసు చేయి తగిలితేనే రాలిపోతుంది. రెండో రోజుకి గున్నయ్య చేతులు వెండి పూత పూసినట్టు మెరిసిపోయాయి, నెత్తళ్ళు మాత్రం వెలిసిపోయాయి.

"ఏటి బాబూ ఈటికి రాగిజావ?" అన్నాడు గున్నయ్య. "ఇవి నోరు బార్లా తెరుసుకుని ఈదుకుంటా పోతాయి, నీళ్ళల్లో కంటికి కనపడని పురుగూ పుట్రా వడగట్టుకుంటాయి. జావ గొంతుకి దిగద్దేటి?"

"పోషకాహార నిపుణులు రాశారు గున్నయ్యా."

"ఆలెప్పుడైనా ములిగి సూసినారేటి?"

కార్డుల మీద ఎదుగుదల గీత నేలమీద తాడులా పడుకుంది. అప్పుడు పట్నం నుంచి ఒక మనోవికాస సలహాదారును పిలిపించారు. ఆయన తొట్టి ముందు గంటసేపు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుని, నెత్తళ్ళ ముందు పెద్ద ఆశయాలు లేవనీ, చుట్టూ తమంతవాళ్ళే ఉండటంతో ఇదే జీవితమనుకుంటున్నాయనీ తేల్చాడు. మర్నాడు తొట్టికి ఒకవైపు వంజరం, సూర, సొరచేపల నిలువెత్తు రంగు బొమ్మలు అతికించారు. బొమ్మలు పెట్టీ పెట్టగానే నెత్తళ్ళన్నీ ఒక్క ముద్దగా ఉండచుట్టుకుని ఎదుటి మూలకు పారిపోయి అక్కడే గిరగిరా తిరగసాగాయి.

త్రివిక్రమరావు గారు ఆ దృశ్యం చూసి, రిజిస్టరులో స్వదస్తూరీతో రాశారు: "స్ఫూర్తి పొంది ఏకతాటిపై నడచుచున్నవి."

పరాంకుశం ఆ ముద్దను చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు. చిన్నప్పుడు బళ్ళో గోడనిండా మహానుభావుల పటాలుండేవి. వాటికి ఎదురుగా ఉన్న మూలలో తనూ ఇలాగే కూర్చునేవాడు. అది స్ఫూర్తి అని అప్పుడు తెలియలేదు.

చచ్చిపోయిన నెత్తళ్ళను "మధ్యలో మానేసినవి" అనే పద్దు కింద చూపించారు. వాటి బదులు రోజూ కొత్తవి తెచ్చి పోసేవారు. ఒకరోజు ఎలా వచ్చిందో, తొమ్మిదీ పాయింటు రెండు సెంటీమీటర్ల నెత్తలి ఒకటి వచ్చిపడింది. కేంద్రం సగటు మిల్లీమీటరులో పదో వంతు లేచింది. కార్యాలయమంతా బూందీ లడ్డూలు పంచారు.

అక్కడితో ఆగితే బాగుండును. ఉత్తర్వులో "ఎరగా వినియోగించుట" అన్న మాట మీద త్రివిక్రమరావు గారి దృష్టి పడింది. సూరచేపను పట్టేవాళ్ళు గాలానికి నెత్తలిని గుచ్చుతారు. నీళ్ళల్లో అది తళుక్కుమంటే సూర వచ్చి మింగుతుంది. "అంటే," అన్నారు త్రివిక్రమరావు గారు, ఒక్కో మాటా తూచి, "పసివాళ్ళచేత ప్రమాదకరమైన పని చేయిస్తున్నారు. తిండి పెట్టకుండా. ఉప్పునీళ్ళల్లో నిలబెట్టి." పడవలవాళ్ళందరికీ తాఖీదులు వెళ్ళాయి: ఎరల పనివేళలు, విశ్రాంతి సమయం, సెలవు దినములు తెలుపవలెను. మూడోనాడు రేవులో దించిన ఒక సూర కడుపులో పదకొండు నెత్తళ్ళు దొరికాయి. సూరను ముద్దాయిగా ఐసుపెట్టెలో ఉంచి వాంగ్మూలం నమోదు చేశారు. "ప్రశ్నించగా మౌనము వహించినది. నేరము అంగీకరించినట్లు భావించడమైనది."

ఇంతవరకూ పరాంకుశానికి, లోలోపల, సరదాగానే ఉంది. ఒంటరివాడి మనసుకు ప్రపంచం పిచ్చిదైనకొద్దీ తోడు దొరికినట్టుంటుంది. నూకతల్లి వచ్చిన పొద్దున ఆ సరదా కాస్తా పోయింది.

నూకతల్లికి యాభై దాటాయి. రేవు పక్కన ఇసుకపర్ర మీద ఆమె, మరో పన్నెండుమంది ఆడవాళ్ళు నెత్తళ్ళు ఎండబెడతారు. ఏడాదిలో నలభై రోజులే నెత్తళ్ళ గుంపు ఒడ్డుకు వస్తుంది. ఆ నలభై రోజుల్లో ఎండబెట్టినదే వానాకాలమంతా తట్టలో పెట్టుకుని కొండకింద సంతల్లో తిరిగి అమ్ముకోవాలి. ఇప్పుడు ఆ పర్ర చుట్టూ ఎర్ర రిబ్బను కట్టేశారు. పసివాళ్ళను ఎండలో పడుకోబెట్టిన నేరానికి ఆమెవి పద్నాలుగు గంపలు తెచ్చి రికార్డు గదిలో పెట్టారు. ఊళ్ళో పిల్లులన్నీ ఇప్పుడు రికార్డు గది కిటికీ దగ్గరే కొలువుంటున్నాయి.

"బాబుగోరూ," అంది నూకతల్లి, త్రివిక్రమరావు గారి గుమ్మంలో నిలబడి. "నా గంపలిచ్చీండి. పర్ర ఇప్పీండి. దినాలు పోతన్నాయి."

"చూడమ్మా, ప్రభుత్వం పిల్లల పక్షాన ఉంది."

"ఓలమ్మో, పిల్లలేటి బాబూ! దీని కడుపు సూడండి." ఆమె కొంగులోంచి అప్పుడే వలలోంచి తీసిన నెత్తలిని బయటికి తీసింది. "దీనికి మనవలున్నారు, మునిమనవలున్నారు. నానింకా మనవడి మొకం సూడనేదు, ఇది నాకంటే ముందే అవ్వయిపోనాది. ఉండండి, కడుపులో గుడ్లు సూపిత్తాను."

ఆమె బొటనవేలి గోరు చేప మెడకింద ఆనించింది. త్రివిక్రమరావు గారు రెండు చేతులతో కళ్ళు మూసుకున్నారు. "ఆగు! కార్యాలయంలోనే శిశుహత్యా!"

నూకతల్లి చేయి గాల్లో ఆగిపోయింది. పరాంకుశం ఆ గోరును చూశాడు. గట్టిగా, పచ్చగా, చిన్న ఉలిలా ఉంది. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా వెయ్యి నెత్తళ్ళను చీల్చే గోరు. దానికి కత్తి అక్కర్లేదు, అనుమతీ అక్కర్లేదు.

"కడుపు తెరిచి చూసే అధికారం శాఖ జీవశాస్త్రజ్ఞుడిది," అన్నారు త్రివిక్రమరావు గారు కళ్ళు తెరవకుండానే. "మరెవరు తెరిచినా అది సాక్ష్యం కాదు, నేరం."

నూకతల్లి పరాంకుశం వైపు తిరిగింది. "అయితే నువ్వే తెరువు నాయనా. నీ సేతిలో పనే కదా?"

పరాంకుశం నోరు తెరిచాడు. "సంరక్షణ కమిటీ అనుమతికి... రాస్తానమ్మా," అన్నాడు.

ఆమె అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. కోపంగా కాదు. సంతలో, తూకం తగ్గిందని తెలిసినా పోనీలే అనుకున్నప్పుడు చూసే చూపు.

ఆ సాయంత్రం పరాంకుశం అలవాటుగా బొటనవేలు నోటి దగ్గరికి తెచ్చుకుని, ఎందుకో ఆగి, కిందికి దించేశాడు.

కమిటీ జవాబు వచ్చింది. "నమూనాకు శస్త్రచికిత్స జరుపుటకు అభ్యంతరము లేదు. అయితే నమూనా మైనరు అయినందున, తల్లిదండ్రుల లేక సంరక్షకుల లిఖితపూర్వక సమ్మతి జతపరచవలెను. నమూనా మేజరు అయినచో సమ్మతి అక్కరలేదు."

పరాంకుశం మూడు రోజులు ఆ కాగితం చుట్టూ గానుగెద్దులా తిరిగాడు. పెద్దదని రుజువు చేయాలంటే కడుపు తెరవాలి. తెరవాలంటే అది పెద్దదై ఉండాలి. గున్నయ్యకు జాలేసింది.

"నాను ఏలిముద్ర ఏత్తాను బాబూ. రాగిజావ పోసి పెంచినోణ్ణి నానే కదా."

త్రివిక్రమరావు గారు ఆ వేలిముద్రను పరిశీలించి, చుట్టరికం రుజువు కోరుతూ తిప్పి పంపారు.

నూకతల్లి రోజూ వచ్చేది. వరండాలో తొట్టి పక్కన కూర్చుని, "ఇయ్యాళకి పంతొమ్మిది దినాలు పోనాయి," అని గున్నయ్యతో చెప్పి వెళ్ళేది. తరవాత ఇరవై రెండు. తరవాత ఇరవై అయిదు.

ఇరవై ఆరో రోజున రాష్ట్ర బృందం వచ్చింది. ముగ్గురు. సమావేశపు గదిలో తెల్లగుడ్డ పరిచిన బల్ల, ఐసు మీద పేర్చిన నెత్తళ్ళ పళ్ళెం, పక్కన రెండు కాగితాలు. త్రివిక్రమరావు గారు పరాంకుశం భుజం మీద చెయ్యి వేసి, మొదటిసారి ఆప్యాయంగా మాట్లాడారు.

"ఇది బాల్య ధ్రువపత్రం. 'పై నమూనాలు బాల్యదశయందున్నవని శాస్త్రీయముగా ధ్రువీకరించడమైనది.' మీరు సంతకం పెడితే ఉత్తర్వు శాశ్వతమవుతుంది, ఈ తీరమంతటికీ. ఇక ఇది..." రెండో కాగితం ముందుకు జరిపారు. "చదవండి."

పరాంకుశం చదివాడు. "శ్రీ పరాంకుశం తన ఎదుగుదలను తృప్తికరముగా పూర్తిచేసినందున, ప్రొబేషన్ ముగిసినట్లు ప్రకటించడమైనది." సంయుక్త సంచాలకుల సంతకం స్థానం ఖాళీగా ఉంది.

"మీది అవగానే నాది. పదిహేడేళ్ళు, పరాంకుశం గారూ! ఇక వచ్చే ఏడు చూద్దాం అని ఎవరూ అనరు."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. కిటికీ ఊచలకవతల నూకతల్లి, ఆమె వెనక పర్ర మీది పన్నెండుమంది, నెత్తిన ఖాళీ తట్టలతో.

తృప్తికరముగా అన్న మాట దగ్గర పరాంకుశం చూపు ఆగింది. ఎంత అందమైన మాట. దాన్ని గుమ్మం మీద అతికిస్తే నాన్న చూసేవాడా. నాన్న ఉంటే ముందు స్కేలు తెచ్చేవాడు. ఈ పళ్ళెంలోని నెత్తలిని గుమ్మానికి ఆనించి నిలబెట్టి, దాని నెత్తిన స్కేలు పెట్టి, పెన్సిలుతో గీత గీసి, "సరే, వచ్చే ఏడు చూద్దాం" అనేవాడు. నెత్తలి ఏమనేది? నాకు వచ్చే ఏడు లేదు మాస్టారూ, ఉన్న ఏట్లోనే పెళ్ళీ పేరంటం పురుడూ అన్నీ అయిపోయాయి, మనవరాలి పురిటికి వెళ్ళాలి, కాస్త తప్పుకోండి, అనేది. వంజరం బొమ్మను చూసి దాని పెద్దరికం ఏమైనా తరిగిందా? లేదు. తొమ్మిది సెంటీమీటర్ల మనిషి అది, అంతే, నిండుగా తొమ్మిది—

కడుపులోంచి నవ్వు ఎక్కిళ్ళలా తన్నుకొచ్చింది. పళ్ళు బిగబట్టినా ఆగలేదు. బృందంలో పెద్దాయన తల పైకెత్తాడు.

"ఏమైంది?"

"ఏం లేదు సార్." పరాంకుశం కళ్ళు తుడుచుకున్నాడు. "కొలుస్తున్నాను."

"కొలతలన్నీ అయిపోయాయి కదా. సంతకం పెట్టండి," అన్నారు త్రివిక్రమరావు గారు.

పరాంకుశం పెన్ను మూత తీశాడు. కాగితం మీదికి వంగాడు. పెన్ను పట్టుకున్న చెయ్యి కంటికి దగ్గరగా వచ్చేసరికి తన బొటనవేలు కనిపించింది. ఆ సాయంత్రం నోటిదాకా తెచ్చి దించేసిన వేలు. దానిమీద గోరు. తెల్లగా, అంచు తేరి, పూర్తిగా వచ్చిన గోరు. ఇన్ని రోజుల్లో ఈ కార్యాలయంలో నిజంగా పెరిగింది అదొక్కటే.

అతను పెన్నుకు మూతపెట్టి చెవిలో దోపుకున్నాడు. పళ్ళెంలోంచి ఒక నెత్తలిని తీసి, ధ్రువపత్రం మీద, చుక్కల గీత పక్కనే పడుకోబెట్టాడు. బొద్దుగా ఉంది. పలచటి చర్మంలోంచి లోపలి గుడ్ల పసుపు కనిపిస్తోంది.

"పరాంకుశం గారూ," అన్నారు త్రివిక్రమరావు గారు, చేతులు కళ్ళ దగ్గరికి తీసుకువెళుతూ, "సమ్మతి పత్రం—"

పరాంకుశం బొటనవేలి గోరును దాని మెడకింద ఆనించి, కిటికీ అవతలి మనిషి రోజుకు వెయ్యిసార్లు గీసినట్టే, తోకదాకా ఒక్క గీత గీశాడు.